అయిదు గీతల గిన్నె: చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ ఒక్క అక్షరంతో నేను పడ్డ పాట్లు

"గిన్నె ఎక్కడి నుంచి తీశావు?"

మా చైనీస్ లావ్‌షి (లావ్‌షి అంటే టీచరు) నా పరీక్ష పేపరు మీద ఎర్ర ఇంకుతో రాసిన ప్రశ్న ఇది. నేను రాయాల్సింది "పేషెంటుకి రక్తం తీయాలి" అని. రాసింది "పేషెంటుకి గిన్నె తీయాలి" అని. రెండు అక్షరాలకీ తేడా ఒక్క గీత, అదీ వేలిగోరంత గీత. మార్కు పోతే పోయింది, క్లాసులో పేపర్లు పంచుతూ ఆవిడ దాన్ని పైకి చదివి అందరినీ నవ్వించింది, మా రూమ్మేట్ ఖమ్మం పిల్ల అయితే ఆ తర్వాత ఏడాది పాటు నన్ను "ఏమే గిన్నె" అనే పిలిచింది.

మాది నరసరావుపేట. 2013లో చైనాలోని హెనాన్ రాష్ట్రం, జెంగ్‌జౌ నగరానికి మెడిసిన్ చదవడానికి వెళ్ళాను. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి మొదటి రెండేళ్ళు చైనీసుని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. క్యాంటీన్లో ఇది కావాలి, కారం ఎక్కువ వెయ్యి, ఎంత, అంతే. కానీ ఇంటర్న్‌షిప్‌కి వార్డుల్లోకి పంపాలంటే హెచ్‌ఎస్‌కే (విదేశీయులకి చైనీసు ఎంత వచ్చో చూసే పరీక్ష) నాలుగో స్థాయి పాసవ్వాలని మా కాలేజీ రూలు. అంటే అప్పట్లో 1200 మాటలు రావాలి. కాగితం మీద పరీక్ష రాసేవాళ్ళు చేత్తో వాక్యాలు కూడా రాయాలి. సీనియర్ అన్నలు "ఏం టెన్షన్ పడకండి, బట్టీ కొట్టేయొచ్చు" అన్నారు. అక్షరం అంటే మనకి అ ఆ ఇ ఈ కదా, యాభై ఆరు నేర్చుకుంటే ఏ మాటైనా రాసేసే భాష నుంచి వెళ్ళినవాళ్ళం, ఒక్కో మాటకి ఒక్కో బొమ్మ బట్టీ కొట్టడం అంటే ఏంటో దిగాక గానీ తెలియలేదు. రాత్రి నలభై అక్షరాలు దిద్దితే పొద్దున్నకి ఆరు మిగిలేవి.

గిన్నె గొడవ జరిగిన రోజు సాయంత్రం లావ్‌షి నన్ను ఆగమంది. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి, పక్కా హెనాన్ మనిషి. దేశమంతా సరే అనడానికి "హావ్" అంటే వీళ్ళు "జోంగ్" అంటారు, ఆవిడ క్లాసులో ప్రామాణిక భాషే మాట్లాడినా ఎవరైనా అక్షరం బాగా రాస్తే మాత్రం నోట్లోంచి "జోంగ్!" అని వచ్చేసేది. ఆవేళ నా నోట్‌బుక్ తీసుకుని, కొత్త పేజీ తిప్పి, మొత్తం పేజీ ఆ ఒక్క గిన్నె అక్షరమే రాయమంది. శిక్ష అనుకున్నాను.

ఆ అక్షరం పేరు మిన్. మీ దగ్గర కాగితం, పెన్ను ఉంటే నాతో పాటు రాయండి, అయిదే గీతలు. మొదటిది ఎడమవైపు పొట్టి నిలువు గీత. రెండోది ఆ గీత పైకొస దగ్గర మొదలై కుడికి అడ్డంగా వెళ్ళి, పెన్ను ఎత్తకుండా అక్కడే కిందికి మళ్ళాలి. మలుపు ఉన్నా సరే దాన్ని వాళ్ళు ఒకే గీతగా లెక్కేస్తారు. ఇప్పుడు మీకు అడుగు లేని పెట్టె వచ్చింది. మూడు, నాలుగు ఆ పెట్టె లోపల రెండు నిలువు గీతలు, ఎడమది ముందు, కుడిది తర్వాత. అయిదోది అడుగున పొడుగాటి అడ్డ గీత, పెట్టెకి రెండు పక్కలా బయటికి రావాలి. అయిపోయింది. చూస్తే ఊచల కిటికీకి గట్టు కట్టినట్టు ఉంటుంది గానీ గిన్నెలా ఏమాత్రం ఉండదు.

ఆ అయిదో గీతే అసలు ప్రాణం. దాన్ని పెట్టె వెడల్పుకి సరిపోయేట్టు ఆపేస్తే అక్షరం మారిపోతుంది, "వల" అనే ఇంకో అక్షరభాగంలా కనిపిస్తుంది. గీతల వరస కూడా ముఖ్యమే. నేను మొదట్లో కంగారుగా పెట్టె మొత్తం, అడుగుతో సహా, ముందు గీసేసి తర్వాత ఊచలు పెట్టేదాన్ని. లావ్‌షి పెన్ను పట్టుకుని ఆపేసేది. అడుగు చివర్లో పెడితేనే పైన ఎంత వెడల్పు వచ్చిందో చూసుకుని దానికన్నా బయటికి లాగగలం, అది ఆవిడ వాదన. నాకు ముగ్గు గుర్తొచ్చింది, ముందు చుక్కలు పెట్టుకుని తర్వాత గీత కలిపినట్టు. పెద్దగా పోలిక కుదరదులెండి, కానీ చెయ్యికి మాత్రం అలా అర్థమైంది.

డెబ్బయ్యో ఎనభయ్యో గిన్నెలు రాశాక ఆవిడ చివరి గిన్నె మీద ఎడమ పక్కగా చిన్న వాలు గీత పెట్టింది. "ఇప్పుడు ఇందులో ఏదో పడింది. అది రక్తం." అంటే రక్తం అనే అక్షరం, శ్వె, గిన్నె మీద ఒక చుక్క. రాసేటప్పుడు ఆ చుక్కే ముందు, తర్వాత గిన్నె అయిదు గీతలు, మొత్తం ఆరు. దీని వెనక కథ కూడా చెప్పింది. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు, ఆయనా ఈ హెనాన్ వాడే, తొమ్మిది వేల పైచిలుకు అక్షరాలకి ఒక నిఘంటువు రాశాడు. అందులో మిన్ అంటే అన్నం తినడానికి వాడే పాత్ర అని చెప్పి, శ్వె దగ్గర మాత్రం దేవతలకి అర్పించే పశువు రక్తం అని రాశాడు. ఒంట్లో పారే రక్తం కాదు, బలిచ్చి గిన్నెలో పట్టిన రక్తం. తర్వాత క్లాసులో ఇది విని మన ఉత్తరాది పిల్లలు మొహాలు అదోలా పెట్టారు. పోలేరమ్మ కొలుపుల్లో పొట్టేలు రక్తం అన్నంలో కలిపి ఊరి చుట్టూ పొలి చల్లడం చిన్నప్పుడు చూసినదాన్ని కాబట్టి నాకు వింతగా అనిపించలేదు, పైగా ఇక ఆ చుక్క ఎప్పుడూ మర్చిపోలేదు.

అక్కడి నుంచి పిచ్చి పట్టింది. ఏ బోర్డు చూసినా అడుగున గిన్నె ఉందా అని వెతకడమే పని. మధ్యాహ్నం తినే డబ్బా భోజనం, హఫాన్, అందులో డబ్బాకి కింద గిన్నె. స్కూటర్ల వాళ్ళు పెట్టుకునే హెల్మెట్‌కి కింద గిన్నె (తలకి బోర్లించిన గిన్నె, నిజమే కదా). ఉప్పుకి కింద గిన్నె. టీవీ వార్తల్లో యూరోపియన్ యూనియన్ అంటే కింద గిన్నె. ఇదేంటి మరీ అని అడిగితే, పాతకాలం రాజులు పొత్తు కుదుర్చుకునేటప్పుడు పశువుని బలిచ్చి ఆ రక్తం పెదాలకి పూసుకుని ఒట్టేసేవాళ్ళట, అందుకని "కూటమి" అనే అక్షరం అడుగున ఆ గిన్నె ఉండిపోయింది. బ్రస్సెల్స్‌లో సూట్లు వేసుకుని కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

కాస్త పట్టు దొరికేసరికి గర్వం కూడా వచ్చింది. ఒకరోజు క్లాసులో "గుడ్డి" అనే అక్షరాన్ని, అది పెద్దపేగు మొదటి భాగం పేరులో వస్తుంది, గుడ్డి పేగు అని, దాన్ని చూసి "పైన నశించడం, కింద గిన్నె, అంటే గిన్నె కనపడనంత చూపు పోవడం" అని లేచి మరీ వివరించాను. కింద ఉన్నది గిన్నె కాదు, కన్ను. కన్ను అక్షరంలో లోపలి గీతలు అడ్డంగా ఉంటాయి, గిన్నెలో నిలువుగా. కన్ను పోయింది కాబట్టి గుడ్డి, ఇంత సులువైన దాన్ని నేను ఎక్కడెక్కడో తిప్పి పప్పులో కాలేశాను. లావ్‌షి ఒక సామెత చెప్పింది, సగం సీసానే డబడబలాడుతుందని. మన నిండు కుండ తొణకదు సామెతకి అచ్చం అక్క లాంటిది. బాగా తగిలింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పింది. ప్రతి అక్షరానికీ కథ వెతకొద్దు, చాలావాటిల్లో గిన్నె "ఇది పాత్రల జాతి" అని మాత్రమే చెప్తుంది, పైభాగం ఉత్త శబ్దం కోసం. బేసిన్‌ని ఫన్ అంటారు, దాని పైన "పంచడం" అనే అక్షరం ఉంటుంది, ఫన్ అనే పలుకుబడి దగ్గరగా ఉందని పెట్టింది తప్ప అందులో పంచేదేమీ లేదు. వలని, గిన్నెని కలపకుండా ఉండటానికి మాత్రం నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. వల ఎప్పుడూ నెత్తిన, గిన్నె ఎప్పుడూ కాళ్ళ దగ్గర. ముఖానికి పెట్టుకునే మాస్క్ పేరులో పైన ఉండేది వల. ఇది మాత్రం ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

హెచ్‌ఎస్‌కే మొదటిసారి పోయింది, రెండోసారి గట్టెక్కాను. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అసలు సరదా వార్డుల్లో మొదలైంది. ఆర్థోపెడిక్స్‌లో మొదటి వారం, నాకు అక్కడి పెద్ద డాక్టరు మాటలు సగమే అర్థమవుతున్నాయి, ఎక్స్‌రే మీద వేలు పెట్టి "గూఫన్" అన్నాడు. గూ అంటే ఎముక, ఫన్ అంటే బేసిన్. ఎముకల బేసిన్, అంటే పెల్విస్! ఇంగ్లీషులో పెల్విస్ అని ఏళ్ళుగా చదువుతున్నాం కదా, లాటిన్‌లో ఆ మాటకి అర్థం కూడా బేసినే. మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అనాటమీ పుస్తకంలో ఎక్కడో మూల ఉండే ఉంటుంది, చైనీస్ మాట చూశాక వెతికితే దొరికింది. తర్వాత మోకాలు. పేషెంట్లందరూ "శీగాయ్ నొప్పి, శీగాయ్ నొప్పి" అంటారు. గాయ్ అంటే మూత, దాని అడుగునా మన గిన్నె ఉంది. లాటిన్‌లో పటెల్లా అంటే చిన్న పళ్ళెం. మనం ఏమంటాం? మోకాలి చిప్ప. ఒకళ్ళకి మూత, ఒకళ్ళకి పళ్ళెం, మనకి చిప్ప. ముగ్గురూ వంటింట్లోంచే తెచ్చుకున్నారు. ఆ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే "బాగానే ఉంది, అన్నం తిన్నావా" అంది.

వెన్నుపూసల మధ్య డిస్క్‌కి వాళ్ళ మాటలో ఫాన్ అని వస్తుంది, ఫాన్ అంటే పళ్ళెం, పైన పడవ, కింద గిన్నె. అదే ఫాన్ గైనిక్ వార్డులో మళ్ళీ కనిపించింది, ప్లాసెంటాని వాళ్ళు "పిండం పళ్ళెం" అంటారు. ప్లాసెంటా లాటిన్‌లో ఒక రకం రొట్టె. మనం మాత్రం ఇక్కడ వంటింటి జోలికి పోకుండా మాయ అన్నాం.

మూత్రపిండాల వార్డులో మాత్రం నవ్వాపుకోలేకపోయాను. కిడ్నీలో మూత్రం చేరే గరాటు లాంటి భాగం ఉంది కదా, రీనల్ పెల్విస్, దాన్ని "షన్‌యూ" అంటారు. షన్ కిడ్నీ. యూ అనేది కింద గిన్నె ఉన్న ఇంకో పాత్ర. ఆ యూ నాకు అంతకుముందే తెలుసు, ఎక్కడంటే పాత ఆసుపత్రుల్లో ఉమ్మి వేసే తొట్టి పేరులో. అదే అక్షరం బౌద్ధ భిక్షువుల భిక్షాపాత్ర పేరులోనూ ఉంటుంది, దాన్ని బోయూ అంటారు. అందులో బో అనే ముక్క మన పాత్రే! సంస్కృతం "పాత్ర" బౌద్ధంతో పాటు చైనాకి వెళ్ళి "బోదువోలువో" అయ్యి, అరిగి అరిగి చివరికి "బో" మిగిలింది. ఉమ్మి తొట్టి, భిక్షాపాత్ర, కిడ్నీ ఒకే అక్షరం కింద సర్దుకుపోవడం చూసి నాకు ఆ భాష మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

మెదడులో రక్తస్రావాన్ని డాక్టర్లు వేరే మాటతో రాసినా జనం "నావ్ యీ శ్వె" అంటారు. మెదడు, పొంగిపొర్లడం, రక్తం. ఈ మూడింట్లో రెండిటికి గిన్నె ఉంది. యీ అనే అక్షరం గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. మొదట అది గిన్నె పైన నీళ్ళు, నీళ్ళ అక్షరాన్ని పక్కకి పడుకోబెట్టి గిన్నె మీద పెట్టారు. అంటే నిండి పొర్లడం. పొర్లేంత ఉందంటే లాభమే కదా, అలా ఆ అక్షరానికి "లాభం, మేలు" అనే అర్థం స్థిరపడిపోయింది (పెరుగులో ఉండే మంచి బాక్టీరియా పేరులో వచ్చేది ఈ యీ యే). మరి పొర్లడానికి అక్షరం? పాపం, పక్కన ఇంకోసారి నీళ్ళు చేర్చి కొత్తది చేసుకున్నారు. కాబట్టి ఇప్పుడు పొర్లడం అనే అక్షరంలో నీళ్ళు రెండుసార్లు ఉంటాయి, ఒకటి నిలబడి, ఒకటి పడుకుని. ఆ వార్డులో నోరు వంకరపోయిన మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తూ ఆయన కొడుకు ఇదే మాట అరుస్తుంటే మాత్రం నాకు అక్షరాలు ఏవీ గుర్తు రాలేదు. అది కూడా చెప్పాలి.

ఊపిరితిత్తుల వార్డులో టీబీ పేషెంటుకి రాత్రిళ్ళు పట్టే చెమటని "దావ్ హాన్" అన్నారు, దొంగ చెమట. దొంగ అనే అక్షరంలో పైన ఉన్నది నోరూరడం, కింద గిన్నె. పక్కవాడి గిన్నె చూసి చొంగ కార్చేవాడు దొంగ. ఇంతకన్నా మంచి నిర్వచనం నేను చదవలేదు. ఐసీయూ తలుపు మీద ఉండే అక్షరం జ్యెన్, కనిపెట్టి చూడటం. అది మొదట్లో గిన్నెలో నీళ్ళు పోసుకుని వంగి తన మొహం చూసుకుంటున్న మనిషి బొమ్మ. సెలైన్ బాటిల్‌కి ఉప్పునీళ్ళు అంటారు కాబట్టి అక్కడా గిన్నె. ఉప్పుకి పాత అక్షరం 24 గీతలు, సరళం చేశాక 10, నాకైతే ఆ సరళం చేసినవాళ్ళ కాళ్ళు మొక్కాలనిపించింది.

ఇన్ని చోట్ల అడుగున పడి ఉండే మిన్, సొంతంగా ఒక పూర్తి మాటలా నాకు కనపడింది ఒక్కచోటే, మైక్రోబయాలజీ ల్యాబులో. 1887లో పెట్రీ అనే జర్మన్ కనిపెట్టిన మూత గాజుపళ్ళెం లేదూ, పెట్రీ డిష్, దాన్ని వాళ్ళు "పెంచే మిన్" అంటారు. రెండో ఏడాది నుంచీ ఆ డబ్బాల మీద చూస్తూనే ఉన్నాను, చదవడం రాక అది కంపెనీ పేరనుకున్నాను.

పలకడంలో పడ్డ అవమానం కూడా ఒకటుంది. శ్వె అనేదాన్ని స్వరం పైనుంచి కిందికి దించి పలికితే రక్తం. దించి మళ్ళీ లేపితే మంచు. ఒక పెద్దావిడ దగ్గరికి సూది పట్టుకుని వెళ్ళి "అవ్వా, కొంచెం మంచు తీసుకోవాలి" అన్నాను. ఆవిడ కిటికీ వైపు చూసింది. అది జూన్ నెల. పక్కనున్న నర్సు నవ్వి నాకు ధైర్యం చెప్పింది, మావాళ్ళలో కూడా చాలామంది ఇలాగే తప్పు పలుకుతారు దాయ్‌ఫూ, మామూలుగా మాట్లాడేటప్పుడు "శ్యె" అను, గొడవ ఉండదు అని. దాయ్‌ఫూ అంటే డాక్టరు, నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆ నర్సే.

2017 అక్టోబరు సెలవుల్లో నేనూ, ఖమ్మం పిల్లా కలిసి ఆన్‌యాంగ్ వెళ్ళాం. జెంగ్‌జౌకి ఉత్తరాన ఉంటుంది, స్పీడు రైలు ఉంది గానీ డబ్బులు కలిసొస్తాయని మామూలు రైలెక్కాం. సెలవుల వారం, ఇసకేస్తే రాలనంత జనం. రైల్లో పెట్టె చివర చేతులు కడుక్కునే చోట బోర్డు మీద "గ్వాన్" అనే అక్షరం చూసి నేను అక్కడే నిలబడిపోయాను, వెనక క్యూలో వాళ్ళు తిట్టుకుంటున్నారు. పదహారు గీతలు. రెండు పక్కలా రెండు చేతులు, నడుమ నీళ్ళు, కింద గిన్నె. చదవడం నేర్చుకోనక్కర్లేదు, చూస్తే చాలు, ఎవరో చేతులు కడుక్కుంటున్నారు.

ఆన్‌యాంగ్ షాంగ్ రాజుల చివరి రాజధాని, మూడు వేల ఏళ్ళ పైమాట. తాబేలు డొప్పల మీద, ఎద్దు ఎముకల మీద చెక్కిన అక్షరాలు దొరికింది అక్కడే, 1899లో వాటిని అక్షరాలుగా గుర్తుపట్టేదాకా జనం ఆ ఎముకల్ని నూరి మందుగా మింగేవాళ్ళు. అక్కడ అక్షరాలకే ఒక మ్యూజియం ఉంది. అందులో మిన్ పాత రూపం చూశాను. అచ్చం గిన్నె! గుండ్రటి పొట్ట, కింద పీఠం. ఆ పీఠమే సాగి సాగి అయిదో గీత అయింది, పొట్ట చదునై పెట్టె అయింది. రక్తం దగ్గర గిన్నె లోపల చిన్న సున్నా. లాభం దగ్గర గిన్నె నుంచి చుక్కలు చిందుతున్నాయి. ఐసీయూ తలుపు మీది మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, ఇంత పెద్ద కన్నేసుకుని గిన్నెలోకి చూస్తున్నాడు. నేను వార్డుల్లో మోసుకు తిరిగిన చుట్టాలందరూ ఒకే గోడ మీద చిన్నప్పటి ఫోటోల్లో కనిపించినట్టు అనిపించింది.

తవ్వకాల చోట ఒక పెద్ద కంచు పాత్ర నకలు నిలబెట్టారు. అసలుది 832.84 కిలోలు, 1939లో పొలంలో దొరికింది, జపాన్ సైన్యం కంటపడకుండా ఊరివాళ్ళు మళ్ళీ మట్టిలో పూడ్చేశారు, ఇప్పుడు బీజింగ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. దాని లోపల మూడు అక్షరాలున్నాయి, మొదటిదాన్ని దశాబ్దాల పాటు "స" అని చదివి, 2011లో మ్యూజియం వాళ్ళు "హౌ" అని మార్చారు. ఆ కాలంలో అక్షరాన్ని కుడి ఎడమలు తిప్పి కూడా రాసేవాళ్ళు, అదీ గొడవ. పండితులే ఒక్క అక్షరం దగ్గర డెబ్బై ఏళ్ళు తగువులాడుకుంటే నేను చుక్క మర్చిపోవడం ఏపాటి తప్పు అని మా లావ్‌షికి వీచాట్‌లో (వాళ్ళ వాట్సాప్ లాంటిది) పెట్టాను. బొమ్మ నవ్వొకటి వచ్చింది.

అక్కడి కంచు పాత్రల మీద రాతలు చూస్తుంటే నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఫలానా వాళ్ళు ఫలానా వాళ్ళ కోసం ఈ పాత్ర చేయించారు, కొడుకులు మనవలు ఎల్లకాలం దాచుకుని వాడుకోవాలి, చాలా పాత్రల మీద ఇదే వరస. మా అమ్మ పెళ్ళినాటి స్టీలు గిన్నెల మీద ఏముంటుంది? తాతయ్య పేరు, అమ్మ పేరు, తారీఖు. చుక్కలు చుక్కలుగా. "మనోళ్ళు గూడ గిట్లనే కొట్టిస్తరు గదనే" అంది ఖమ్మం పిల్ల నాకన్నా ముందు.

2019లో కోర్సు అయిపోయి వచ్చేశాను. ఇక్కడ, విదేశాల్లో మెడిసిన్ చదివొచ్చినవాళ్ళకి పెట్టే స్క్రీనింగ్ పరీక్ష కోసం మళ్ళీ ఇంగ్లీషు పుస్తకాలే. చైనీసు చదవడం ఇంకా కొంత వచ్చు గానీ చేత్తో రాయడం పోయింది. అక్కడ ఉన్నప్పుడే ఫోన్లో శబ్దం కొడితే అక్షరం దానంతటదే వచ్చేది, చైనా వాళ్ళకే పెన్ను ఎత్తితే అక్షరం మర్చిపోయే జబ్బు పట్టిందని వాళ్ళే చెప్పుకుంటారు, ఇక నేనెంత. మిన్ మాత్రం పోలేదు. డెబ్బయ్యో ఎనభయ్యో సార్లు రాయించిన పుణ్యం.

తమ్ముడి గృహప్రవేశానికి చుట్టాలకి పంచడానికి అమ్మ చిన్న స్టీలు గిన్నెలు కొంది. పేర్లు వేయించడానికి కొట్టుకి నేనే వెళ్ళాను. అన్నీ అయ్యాక ఒక గిన్నె నాకు విడిగా తీసి, చీటీ మీద మిన్ రాసి, ఇది వెయ్యండి అన్నాను. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్ ఆన్ చేసి, ముందు అడుగు గీత వేసేశాడు. "అయ్యో, అది ఆఖర్న వెయ్యాలండీ" అనేశాను. "ఏదైతే ఏంటమ్మా, వచ్చేది అదే బొమ్మ కదా" అని మిగతా నాలుగూ దాని మీద కూర్చోబెట్టాడు. లావ్‌షి చెప్పిందే అయింది. అడుగు సరిపోలేదు, పెట్టె దాని అంచులదాకా వచ్చేసింది, గిన్నె మీద వల పడింది.

రెండు పక్కలా ఇంకాస్త లాగమన్నాను. లాగాడు. కాస్త అతికినట్టు కనపడుతుంది గానీ గిన్నే.

"ఇంతకీ ఏం పేరమ్మా ఇది?"

"గిన్నె అండీ."

"గిన్నె మీద గిన్నె అని రాయించుకోవడమేంటి?" అని నవ్వి, అక్షరానికి రెండు రూపాయల లెక్కన రెండు రూపాయలే తీసుకున్నాడు.